కోత మిషను సరే, మినుము సంగతేమిటి?

నవంబరు నెల సగమయ్యేసరికి మన గుడ్లవల్లేరు చుట్టుపక్కల రైతుల ఇళ్లలో ఒకటే చర్చ. ఈ యేడు కోతకు మనుషులను పిలవాలా, మిషను పిలవాలా? మిషను అయితే ఒక పూటలో ధాన్యం బస్తాల్లోకి వస్తుంది, తుపాను భయం ఉండదని ఇంటాయన అంటాడు. మరి గేదెకు గడ్డి ఎక్కడిది, చేలో చల్లిన మినుము ఏమవుతుందని ఇల్లాలు అడుగుతుంది. ఇద్దరూ చెప్పేది నిజమే. అందుకే ఆ చర్చ రాత్రి భోజనాలయ్యేదాకా తెగదు.

ఈ పత్రిక చదివే కుటుంబాలలో నేలను నమ్ముకొని బ్రతికేవారే ఎక్కువ గనుక ఈ నెల ఆ చర్చనే ఇక్కడికి తెచ్చాము. మేము వ్యవసాయ శాస్త్రం చదువుకున్నవారము కాము. అయితే కవుతరం, అంగలూరు, వడ్లమన్నాడు వైపు కుటుంబ ప్రార్థనలకు వెళ్లినప్పుడు, దివిసీమలో కూటములకు వెళ్లినప్పుడు అరుగు మీద కూర్చున్న రైతులు చెప్పగా విన్నవి, గట్టు మీద నిలబడి చూసినవి ఇక్కడ వ్రాస్తున్నాము.

మనం మాట్లాడుతున్నది పెద్ద కమతాల వారి గురించి కాదు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సగటు కమతం 0.94 హెక్టారు, అనగా రమారమి రెండెకరాల ముప్పై సెంట్లు. మన సంఘాలలో అంత కూడా లేనివారు చాలామంది. ఎకరం సొంతం, రెండు మూడు ఎకరాలు మక్తాకు తీసుకొని, ఆలుమగలు ఇద్దరూ చేలో దిగేవారు. ఇటువంటి రైతు హార్వెస్టరు కొనడు, కొనలేడు. అతనికి యంత్రమంటే అద్దెకు వచ్చేదే. గంట లెక్కన వస్తుంది, గంట లెక్కన పోతుంది.

మన డెల్టాలోకి యంత్రం ఒక్కసారిగా రాలేదు. ఒక్కొక్క పనిని పట్టుకొని వచ్చింది. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయి, ఆ తరువాత 1957లో ప్రకాశం బ్యారేజీ దాని స్థానంలో నిలిచిన కాలమంతటిలో మన చేలల్లో దమ్ము చేసినవి ఎడ్లు, దున్నపోతులు. నూర్పిడికీ పశువులే. కళ్లంలో పనలు పరచి, పశువులను బంతి కట్టి త్రొక్కించి, గాలి వాలు చూసుకొని తూర్పారబట్టేవారు. పెద్దవారికి ఇదంతా జ్ఞాపకమే. తరువాత కుప్ప నూర్పిడికి ట్రాక్టరు వచ్చింది, దమ్ముకు ఇనుప చక్రాల ట్రాక్టరు వచ్చింది, మందు కొట్టడానికి పెట్రోలు పంపు వచ్చింది. పశువులు కొట్టాలలో నుండి ఎప్పుడు వెళ్లిపోయాయో ఎవరూ తేదీ వ్రాసి పెట్టుకోలేదు. దివిసీమలో మాత్రం ఒక తేదీ ఉంది. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన మనుషులతోపాటు పశువులనూ తుడిచిపెట్టింది. అరక కట్టడానికి ఎడ్లు లేని రైతు మరొకరి మీద ఆధారపడవలసిందే.

బంగ్లాదేశ్‌లోను ఇటువంటిదే జరిగింది. 1988 వరదలలో దుక్కి పశువులు పోయాక అక్కడి ప్రభుత్వం చైనా నుండి చిన్న పవర్ టిల్లర్ల దిగుమతికి ఉన్న ఆంక్షలను సడలించింది. ఊరికి కొందరే వాటిని కొన్నారు. మిగిలిన చిన్న రైతులందరూ వారికి అద్దె ఇచ్చి దున్నించుకున్నారు. అలా చూస్తుండగానే దేశంలో దుక్కి పని దాదాపు అంతా యంత్రం చేతికి వెళ్లింది. చిన్న రైతు యంత్రాన్ని వాడుకోవాలంటే కొనవలసిన పని లేదని చెప్పడానికి దీనికన్న మంచి దృష్టాంతం లేదు. కాని అద్దె యంత్రానికి ఒక గుణం ఉంది. అది అందరికీ ఒకే రోజున కావాలి. అసలు చిక్కు అక్కడ మొదలవుతుంది.

దానికి ముందు, మన చేలో నిలబడలేకపోయిన యంత్రాల మాట కూడా చెప్పుకోవాలి. నాటు మిషను సంగతి చూడండి. దానికి మామూలు నారుమడి పనికిరాదు. ట్రేలలోనో పాలిథీను షీటు మీదనో చాపలాగా నారు పెంచాలి, లేత నారే వేయాలి, మడి అద్దంలాగా చదునుగా ఉండాలి, నీరు పలుచగా ఉండాలి. కాలువ నీరు ఎప్పుడు వస్తుందో తెలియని శివారు రైతు ఫలానా తేదీకని చాప నారు ఎలా పెంచగలడు? నీరు రాకపోతే నారు ముదిరిపోతుంది. డ్రమ్ సీడరు చవకైనదే, ఇంజను కూడా అక్కర్లేదు. మొలకెత్తిన విత్తనం డ్రమ్ముల్లో పోసి ఒక మనిషి లాగితే ఎనిమిది వరుసలు పడతాయి. నాట్ల కూలి మొత్తం మిగులుతుంది. అయితే విత్తిన రెండో రోజున గట్టి వాన కురిస్తే గింజలు వరుసలు విడిచి పల్లానికి కొట్టుకుపోతాయి. ఊరంతా సరిచేయని మడులు, మురుగు కాల్వలు పూడిపోయిన పొలాలు. కొన్న డ్రమ్ములు కొన్నిచోట్ల కోళ్ల గంపల పక్కన కనబడుతున్నాయి.

వాటి బదులు రైతు ఏమి చేశాడు? తన చేతినే వాడుకున్నాడు. విత్తనం వెదజల్లడం మొదలుపెట్టాడు. నీరు ఆలస్యమైన యేడు పొడి దుక్కిలోనే చల్లేశాడు. నారుమడి లేదు, నాట్లు లేవు, ఖర్చు తగ్గింది. కలుపు మాత్రం పెరిగింది, కలుపు మందు డబ్బాలూ పెరిగాయి. అమ్మే కంపెనీ మెచ్చినదల్లా రైతు తెచ్చుకోడని, తన నీటికి, తన మడికి, తన జేబుకు కుదిరినదే ఉంచుకుంటాడని దీనినిబట్టి తెలుస్తుంది. అతనిని వెనుకబడినవాడని కొందరు విసుక్కుంటారు. ఆ మాట మాకు నచ్చదు.

అయితే కోత మిషను అలా ప్రక్కకు పోలేదు. వచ్చింది, నిలిచింది. మొదట టైర్ల మిషన్లు వచ్చాయి. మన నల్లరేగడి తడి నేలలో అవి దిగబడిపోయాయి. అటుతరువాత చైను మిషన్లు వచ్చాయి. అద్దె ఎక్కువైనా బురదలో నడుస్తాయి. పంట నిలబడి ఉంటే ఎకరం కోత, నూర్పు అన్నీ కలిపి రమారమి ఒక గంట పని. అదే చేను మనుషులు కోసి, పనలు ఆరబెట్టి, కట్టలు కట్టి, కుప్ప వేసి, మళ్లీ ఒకనాడు కుప్ప విప్పి నూర్చాలంటే ఎన్ని రోజులో, ఎంతమందో లెక్క వేసుకోండి. పైగా డిసెంబరు మనకు తుపానుల నెల. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. దానికి ముందు రోజుల్లో హెచ్చరిక విన్నవారందరూ ఒకేసారి మిషన్ల కోసం పరుగెత్తారు. ఉన్న మిషన్లు కొన్నే. దొరికినవారి ధాన్యం ఇంటికి చేరింది. దొరకనివారి చేను నీళ్లలో పడిపోయింది. పడిపోయిన చేను కోయాలంటే మిషనుకు గంట పని రెండు గంటలవుతుంది. నష్టపోయినవాడే ఎక్కువ అద్దె ఇవ్వాలి!

ఈ వరుసలో చివర నిలబడేది ఎప్పుడూ చిన్న రైతే. పదెకరాల చేను ఒకచోట ఉన్నవాని దగ్గరకు మిషను ముందు వెళ్తుంది. ముప్పై సెంట్ల మడిలో మలుపులకే సగం సమయం పోతుందని డ్రైవరు మొగం తిప్పుకుంటాడు. మన చేను లోపల ఉండి, బాట ప్రక్కనున్న వాని చేను కోతకు రాకపోతే మిషను లోపలికే పోదు. మనం పండించినది ముందుగా కోతకు వచ్చే రకమైనా, అతనిది నిదానంగా వచ్చే రకమైతే మన పంట నిలబడి రాలిపోవలసిందే.

మిషను కోసిన ధాన్యంలో తేమ ఎక్కువ. ప్రభుత్వ కొనుగోలుకు 17 శాతం మించకూడదు. పూర్వం పనలు చేలోనే ఎండేవి, కుప్పలో ఉండగా ఇంకా ఆరేవి. ఇప్పుడు ఆ ఆరబెట్టే పని రోడ్డు మీదకు వచ్చింది. గుడివాడ రోడ్డు పొడవునా పరదాల మీద ధాన్యం, దాని ప్రక్కన కాపలా మంచాలు, రాత్రిపూట లారీలు. ఏ కుటుంబంలోనైనా ఆ కాపలాకు పసివాండ్రను పంపుతున్న యెడల దయచేసి మానండి.

ఇక మినుము సంగతి. సార్వా వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, చేలో ఇంకా పదును ఉండగా మినుము చల్లడం మన డెల్టా రైతుల పాత తెలివి. దున్నకం లేదు, ఎరువు లేదు, నీరు కట్టడం లేదు. వరి క్రింద మిగిలిన తడితోను, మంచుతోను రెండున్నర నెలల్లో పంట చేతికి వస్తుంది. మక్తా రైతుకు ఇది ప్రాణం వంటిది. వరిలో పండినది మక్తాకు, ఎరువుల అప్పుకు సరిపోతే, ఇంటికి మిగిలేది మినుమేనని ఎంతమంది చెప్పగా విన్నామో! పిల్లల ఫీజు, ఇంటి కప్పు, పెళ్లి ఖర్చు, ఇవన్నీ మినుము మీద పెట్టుకున్న ఆశలే.

ఇప్పుడు చూడండి ఇబ్బంది ఎక్కడో. మిషను దిగాలంటే నేల గట్టిపడాలి. పది పదిహేను రోజుల ముందే నీరు తీసివేయాలి. మినుము మొలవాలంటే నేలలో పదును ఉండాలి. మిషనుకు కావలసినట్లు ఆరబెడితే మినుము గింజ మొలవదు. మినుముకు కావలసినట్లు తడి ఉంచితే చైను క్రింద విత్తనం అణగిపోయి, ఆ గాళ్లలో నీరు నిలిచి కుళ్లిపోతుంది. మిషను వెనుక నుండి పడిన గడ్డి కుప్పలుగా మొలక మీద కప్పుకుంటుంది. అందువల్ల ఒక పంటకు చేసిన మేలు రెండో పంటకు కీడుగా మారుతున్నది. కోత రోజున మిగిలిన కూలి డబ్బు చూసి సంతోషించినవాడు మార్చిలో పలచబడిన మినుము చేను చూసి నిట్టూరుస్తాడు. మిషను లాభమా, నష్టమా అనే లెక్క కోతనాడు తేలదు. మినుము తూచిననాడే తేలుతుంది.

దీనికి రైతులు తమకు తోచిన ఉపాయాలు చేస్తూనే ఉన్నారు. కొందరు మిషను వెళ్లాక, గడ్డి చెదరగొట్టి, ఉన్న పదునులో అప్పుడు చల్లుతారు. కాలువలో నీరుంటే ఒక పలుచని తడి ఇస్తారు. ఆలస్యమైన కొద్దీ పూత సమయానికి ఎండ ముదురుతుంది గనుక ఇందులో రోజుల లెక్క ముఖ్యం. కొందరు మినుముకు బాగా వచ్చే మడులు మనుషులతో కోయించి, పల్లపు మడులు మిషనుకు వదులుతారు. మరికొందరు చేతితో కోసి, కుప్ప వేసి, నూర్పిడికి మాత్రం మిషను పిలుస్తారు. మేము గట్టు మీద నిలబడి గమనించినది ఇంకొకటి ఉంది. హార్వెస్టరు చైను త్రొక్కినదానికన్న, ధాన్యం ఎక్కించుకోవడానికి చేలోపలికి వచ్చే ట్రాక్టరు ట్రక్కు టైర్లు చేసే నష్టం తక్కువేమీ కాదు. ట్రక్కు గట్టు దగ్గరే ఆగి, మిషనే అక్కడికి వచ్చి ధాన్యం పోయాలని బేరంలోనే చెప్పుకోవచ్చు. డ్రైవరు తొందరపడతాడు. చెప్పవలసినది చెప్పాలి. ఘంటసాలలో వ్యవసాయ పరిశోధనా స్థానం ఉంది. మాగాణి మినుము మీద అక్కడి శాస్త్రజ్ఞులు చాలా పని చేశారు. బస్సెక్కి వెళ్లి అడిగితే ఏ రకం, ఎంత విత్తనం అనేది చెబుతారు. మందుల కొట్టు సలహాకన్న అది మేలు.

గడ్డి మాట ఒక్క ముక్కలో. మిషను కోసిన గడ్డి నలిగి చేనంతా పడుతుంది; దాన్ని మోపులుగా చుట్టే మిషనుకు మళ్లీ వేరే అద్దె. గేదె ఉన్న ఇంటికి ఈ ఖర్చు పాల డబ్బులో నుండి పోతుంది. కాబట్టి గడ్డివాము ఖరీదును కూడా కోత లెక్కలో వ్రాసుకోవాలి.

ఇప్పటిదాకా రైతు లెక్క చెప్పాము. ఆ మందిరంలోనే, ఆ చాప మీదనే కూర్చునే మరొకరి లెక్క కూడా ఉంది. కొడవలి పట్టిన స్త్రీల లెక్క అది. పూర్వం నాట్లకు కొన్ని వారాలు, కోతలకు కొన్ని వారాలు ముఠాగా వెళ్లి, ఆ కూలితో ఇంటికి ఆరు నెలల గింజలు కొనుక్కునేవారు. వెదజల్లడం వచ్చి నాట్లు తగ్గాయి. మిషను వచ్చి కోతలు తగ్గాయి. కలుపు మందు వచ్చి కలుపు కూలీ తగ్గింది. రైతు, మనుషులు దొరకడం లేదు గనుక మిషను పిలిచానంటాడు. ఆమె, పని లేదు గనుక ఆటో ఎక్కి గుడివాడ పోతున్నాను, చెరువుల మీద పనికి పోతున్నానంటుంది. ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడడం లేదు. ఏడాదిలో పది రోజులే పని చూపించే ఊరిలో ఆ పది రోజుల కోసం ఎవరు కాచుకొని కూర్చుంటారు? వారు వెళ్లిపోయారు గనుక వచ్చే యేడు ఇంకా కొరత, ఇంకొక మిషను. 2011లో కోనసీమ రైతులు సార్వాకు పంట విరామం ప్రకటించినప్పుడు చెప్పిన కారణాలలో కూలీల కొరత, పెరిగిన ఖర్చు కూడా ఉన్నాయి. అప్పట్లో కొందరు తప్పంతా 2006లో ఆరంభమైన ఉపాధి హామీ పథకం మీద వేశారు. మా అభిప్రాయం వేరు. ఎండాకాలంలో మట్టి పని చేసి నాలుగు రూపాయలు కళ్లచూసిన తల్లి, తక్కువ కూలికి బురదలో వంగడానికి ఒప్పుకోకపోతే అది ఆమె దోషం కాదు.

రూతు పరిగె ఏరుకున్న కథ మన పిల్లలకు ఆదివారపు బడిలో చెబుతాము. పరిగె అంటే ఏమిటని ఇప్పుడు పిల్లలు అడుగుతున్నారు. మిషను వెళ్లిన చేలో వెన్నులుండవు, రాలిన గింజలే ఉంటాయి. వాటిని మనుషులు ఏరలేరు, బాతుల మందలు తింటాయి. కోతల పండుగకు పూర్వం మొదటి పన తెచ్చి బలిపీఠం దగ్గర నిలబెట్టేవారు. ఇప్పుడు పన కావాలంటే మిషను రాకముందే ఒక మూల ప్రత్యేకంగా కొడవలితో కోసి దాచాలి. కొందరు అలా దాచి తెస్తున్నారు కూడా.

మరి యంత్రాన్ని చిన్న రైతులే కలిసి కొనుక్కోలేరా? 2022 జూనులో రాష్ట్ర ప్రభుత్వం యంత్రసేవ పథకం క్రింద రైతు సంఘాలకు ట్రాక్టర్లు, హార్వెస్టర్లు ఇచ్చింది. ధరలో 40 శాతం సబ్సిడీ, 50 శాతం బ్యాంకు అప్పు, 10 శాతం సభ్యుల వాటా. ఆలోచన మంచిదే. అయితే ఆ పది శాతం ముందుగా తేగలిగినవారు ఎవరు? మక్తా రైతు తేలేడు. అతనికి కాగితమే కష్టం. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం 11 నెలల కార్డు రావాలంటే భూమి గలవారు ఒప్పుకొని సంతకం చేయాలి. సంతకానికి వెనుకాడేవారే ఎక్కువ. అందువల్ల సంఘం పేరున వచ్చిన మిషను కూడా ముందుగా వాటాదారుల చేలకు వెళ్లి, తక్కినవారికి తరువాత రావడం సహజం.

కొనడంలో ఇంకొక ప్రమాదం ఉన్నది. జపాను దేశంలో మన వలెనే చిన్న కమతాలు. అక్కడ 1970 దశకంలో నాటు మిషన్లు, కోత మిషన్లు ఇంటింటికీ వ్యాపించాయి. ఏడాదికి కొన్ని రోజులే వాడే యంత్రానికి ప్రతి ఇల్లూ అప్పు చేసింది. దానికి వారి భాషలో యంత్రాల పేదరికం అనే అర్థం వచ్చే మాటే పుట్టింది. వారికి పట్నంలో ఉద్యోగాలుండి ఆ వాయిదాలు కట్టుకున్నారు. మన రెండెకరాల రైతు పొలం మీదనే కట్టాలి. ఆశపడి ట్రాక్టరు తీసుకొని, దమ్ముల అద్దె అనుకున్నంత రాక, ఫైనాన్సు వారు బండి తోలుకుపోయిన ఇళ్లకు మేము ప్రార్థనకు వెళ్లాము. కాబట్టి కొనమని ఎవరికీ చెప్పలేము.

కలిసి కొనలేకపోయినా కలిసి పిలవవచ్చు. మా పరిధిలోని ఒక గ్రామంలో ప్రక్క ప్రక్క మడులు గల కొందరు చిన్న రైతులు ఇలాగే చేస్తున్నారు. ఒకే బోదె క్రింద ఉన్న మడులన్నిటిలోను ఒకే రకం వేస్తారు. త్వరగా పడిపోని రకం చూసుకుంటారు. వెదజల్లేది కూడా ఒకే వారంలో. నీరు ఒకేనాడు తీసివేస్తారు. అలా పది పన్నెండు ఎకరాలు ఒకే ముక్క అయినప్పుడు మిషను యజమాని వారిని వెతుక్కుంటూ వస్తాడు. బేరం దసరాలోగా కుదురుతుంది; తుపాను హెచ్చరిక వచ్చాక కుదిరే బేరం బేరమే కాదు. ఎవరి మడి ముందు, ఎవరి మడి వెనుక అనేది చీట్లు వేసి తేలుస్తారు. చీటీలో చివర వచ్చినవాడు వచ్చే యేడు మొదట కోయించుకుంటాడు. మిషను చేలోకి దిగిన గంట, గట్టెక్కిన గంట ఒకరు పుస్తకంలో వ్రాస్తారు; డ్రైవరు భోజనానికి ఆగిన సమయం అందులో కలపరు. మినుము చల్లిన మడులకు గుర్తుగా కర్ర పాతుతారు, ట్రక్కు వాటిలో దిగదు.

ఈ యేడు వారిలో ఒక మాట వచ్చింది. మిషను మడిలోకి దిగడానికి ముందు నాలుగు మూలలూ, దిగే దారీ కొడవలితో కోసి ఇవ్వాలి. ఆ పని చేసేది ఊరి స్త్రీలే. ఇంతకాలం ఎవరి మడి మూల వారు ఇంటివాళ్లతో కోయించుకునేవారు, లేదా ఎవరినో పిలిచి ఎంతో కొంత చేతిలో పెట్టేవారు. మడులన్నిటి మూలలు కలిపి ఒకే ముఠాకు ఇవ్వాలని, కూలి ఎకరానికి ఇంతని ముందే అనుకోవాలని, గడ్డి చెదరగొట్టి మినుము చల్లే పనీ వారికే అప్పగించాలని ఒకరు అన్నారు. అది మిషను ఖర్చులో కలపాలా, వేరుగా వసూలు చేయాలా అనే దగ్గర మాత్రం ఇంకా ఒప్పందం కుదరలేదు. మళ్లీ శనివారం కూర్చుంటామన్నారు.